వేరుగా ఉంటున్నాం

రెండేళ్ల కిందట ఆ ఇంట్లో ఒక అబద్ధం నవ్వులాటగా మొదలైంది.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయి, ముక్కలు ముక్కలుగా ఏవో కొన్ని మాత్రం మిగిలాయి. చూసుకునేవాళ్ళు ఇంకెవరూ లేక కోడలు బట్టల కొట్లో ఉద్యోగం మానుకుంది. సరిగ్గా అప్పుడే కొడుకు పనిచేసే కర్మాగారం మూతపడింది. మంచాన పడ్డ మనిషిని ఇంటిపట్టున ఉండి చూసుకునేవాళ్ళకి సంక్షేమ కార్యాలయం నెలనెలా భత్యం ఇస్తుంది. ఇంట్లో సంపాదించే మనిషి మాత్రం ఉండకూడదు. ఆ భత్యంతోనే ఇల్లు గడిచింది. కొన్నాళ్ళకి అతనికి ఊరికి అవతలి కొసన లిఫ్టులు బాగుచేసే పని దొరికింది. ఎన్నాళ్ళుంటుందో తెలియని పని. ఆ సంగతి చెబితే భత్యం ఆగిపోతుంది, చెప్పకపోతే తప్పు. ఎటూ పాలుపోక ఇద్దరూ తలపట్టుకు కూర్చుంటే పక్కింటి టైలరక్క ఉపాయం చెప్పింది. "మొగుడు వేరుగా ఉంటున్నాడని రాసెయ్యవే. మీ ఇంటికొచ్చి మంచాలు లెక్కపెట్టేదెవడు?"

"మరి నేను ఒంటరిదాన్నని తెలిసి ఎవరైనా పెళ్ళి చేసుకుంటానంటే?" అని భార్య అడిగింది.

"నీ నోరు సంగతి వాడికి ముందే చెప్పు. తర్వాత నన్ను తిట్టుకోకూడదు" అన్నాడు భర్త. మంచంలో అత్తగారు కూడా నవ్వింది, ఒకవైపు పెదవితో.

ఆ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి వసపిట్ట అని పేరు పెట్టింది ఆ అత్తగారే. ఆగకుండా మాట్లాడుతుందని. పని దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకుని, ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు భర్త. ఈమధ్య ఆ ఆదివారాలు కూడా తగ్గాయి. ఓవర్‌టైము అనేవాడు. ఇంతలో కార్యాలయానికి ఎవరో ఫోన్ చేశారు. 'ఆ ఇంటాయన ఉద్యోగం చేస్తున్నాడు, ఆదివారాలు ఇంటికే వస్తున్నాడు' అని. భార్యాభర్తలిద్దరూ విచారణకి రావాలని పిలుపొచ్చింది. "నువ్వు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను" అని అతను ఫోన్లో చెప్పడంతో పోయిన వారం మనం వాళ్ళని వదిలాం.

ఆ ఉదయం వసపిట్ట అత్తగారికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, మందులు మింగించి, టైలరక్కని మంచం పక్కన కూర్చోబెట్టి బయల్దేరింది. దారంతా తేదీలు వల్లెవేసుకుంది. అతను ఎప్పుడు వెళ్ళిపోయాడు, ఏ సందులో ఉంటున్నాడు, ఆ గదికి అద్దె ఎవరు కడతారు. తను ఒక్కసారి కూడా చూడని ఆ గది అడ్రసు ఆమెకి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

అతను అప్పటికే వరండాలో ఉన్నాడు. ఒకదానికొకటి బిగించిన ప్లాస్టిక్ కుర్చీల వరసలో చివర కూర్చున్నాడు. విడిపోయినవాళ్ళు పక్కపక్కన కూర్చోరు కదా అని ఆమె రెండు కుర్చీలు వదిలి కూర్చుంది. అంత దూరం నుంచి కూడా అతని చొక్కా కాలరు నిటారుగా, మడత చెదరకుండా కనిపించింది.

"ఇస్త్రీ చేయడం ఎప్పుడు నేర్చుకున్నావు?" అంది పెదవులు కదపకుండా.

"పిలుస్తున్నారు, పద" అన్నాడు.

లోపల గది చిన్నది. కిటికీ జానెడే తెరుచుకుంటుంది. బల్ల అవతల విచారణాధికారిణికి జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. మాటకోసారి చేతిరుమాలు తీసుకుంటోంది. కోపిష్ఠి మనిషిని ఊహించుకుని వచ్చిన వసపిట్టకి ఆ రుమాలు చూడగానే సగం భయం పోయింది.

"కూర్చోండమ్మా. ఫిర్యాదు వచ్చింది కాబట్టి అడగాలి, అది నా డ్యూటీ. మీ ఆయన ఉద్యోగం చేస్తున్నారని మీకు తెలుసా?"

"తెలుసండి. వాళ్ళమ్మకి ఫోన్లో చెప్పాడు."

"ఆవిడకి మాట రాదని ఇక్కడ ఉంది కదా?"

దొరికిపోయాననుకుంది వసపిట్ట. కానీ నోరు ఆమెని ఎప్పుడూ పూర్తిగా ముంచలేదు. "మాట రాదు కానీ వినపడుతుందండి. ఆయన మాట్లాడతాడు, ఆవిడ వింటుంది. నేను ఫోను ఆవిడ చెవి దగ్గర పట్టుకుంటాను. నేను వినను. అంటే, పక్కనే ఉంటాను కాబట్టి వినపడుతుంది కానీ, పనిగట్టుకుని వినను."

అధికారిణి పెదవి చివర నవ్వు మెరిసి పోయింది. "ఆదివారాలు వస్తారట."

"తల్లిని చూసుకోవడానికి వస్తాడండి. వద్దనడానికి నేనెవర్ని? ఆయన ఆ గదిలో ఉంటే నేను వంటింట్లో ఉంటాను."

"మీరిద్దరూ మాట్లాడుకోరా?"

"లేదండి" అంది వసపిట్ట. జీవితంలో ఆమె చెప్పిన అబద్ధాల్లో ఇంతకన్నా పెద్దది లేదనిపించింది ఆమెకే.

అధికారిణి ఏదో రాసుకుని కలం పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"చూడండి, రెండు అడ్రసులు ఎవరైనా పెట్టుకోవచ్చు. మేం చూసేది అది కాదు. ఎక్కడ పడుకున్నా మీరిద్దరూ భార్యాభర్తల్లాగే ఉంటుంటే ఈ భత్యం చెల్లదు. అందుకని అడుగుతున్నాను. మీరు ఎందుకు వెళ్ళిపోయారు?"

ఈ ప్రశ్న వాళ్ళు అనుకోలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి బట్టీ పట్టారు గానీ ఎందుకు అన్నది ఇద్దరికీ తట్టలేదు. 'గొడవలండీ అని చెప్పు, సరిపోతుంది' అని వసపిట్ట మనసులోనే అందించింది. అతను బల్ల అంచు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"మొదట పని కోసమే వెళ్ళానండి. దూరం కదా. వారం వారం వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడు ఈవిడ తలుపు తీసేది. తీస్తూనే చెప్పేది, అమ్మ నిద్రపోలేదు, అమ్మ వీపు మీద పుండు లేచింది, డాక్టరు కొత్త మందు రాశాడు. అన్నీ అవసరమైన మాటలేనండి. నేను వినాల్సినవే. వినేవాణ్ణి. విని, తిని, వెళ్ళేవాణ్ణి."

అధికారిణి కలం ముట్టుకోలేదు.

"ఒకసారి పన్లో నా చెయ్యి లిఫ్టు తలుపులో పడి నలిగింది. వేళ్ళకి కట్టుతో వచ్చాను. ఆ రోజు సాయంత్రం దాకా ఇంట్లోనే ఉన్నాను. ఈవిడ చూడలేదు. అమ్మని పక్కకి తిప్పాలి, ఓ చెయ్యి వెయ్యమంది. ఆ చెయ్యే వేశాను."

'అబ్బ, ఎంత బాగా అల్లుతున్నాడు' అనుకుంది వసపిట్ట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఒక్క కథ కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. నవ్వు రావాల్సిన చోటు ముందే చెప్పేసేవాడు. ఈ వేళ చూడు, నిజంగా జరిగినట్టే చెబుతున్నాడు.

"ఈవిడ తప్పేం లేదండి" అన్నాడతను. "మా అమ్మని కన్నకూతురు కూడా అలా చూడదు. నేను చూడలేను. ఆ గదిలో పావుగంట కూర్చుంటే నాకు బయటికి పారిపోవాలనిపిస్తుంది. ఈవిడ రోజంతా ఉంటుంది. ఈవిణ్ణి చూసినప్పుడల్లా నేనేపాటివాణ్ణో నాకు తెలిసిపోతుంది. సిగ్గేస్తుంది. సిగ్గుపడే చోటికి మనిషి ఎన్నాళ్ళని వెళ్తాడండీ?"

"ఇప్పుడు మీ జీవితంలో ఇంకెవరైనా ఉన్నారా?" అధికారిణి గొంతు తగ్గించి అడిగింది. "చెప్పడం ఇష్టం లేకపోతే..."

"ఉన్నారండి. నా గది కింద లాండ్రీ ఉంది. ఆవిడ నడుపుతుంది. ఆ చేతికి కట్టు మార్చింది ఆవిడే."

వసపిట్టకి నవ్వు తన్నుకొచ్చింది. లాండ్రీ అట! దానికి సాక్ష్యంగా ఇస్త్రీ చొక్కా కూడా వేసుకొచ్చాడు! ఎంత ముందుచూపు! బల్ల కింద తన తొడ తనే గట్టిగా గిల్లుకుంది. ఆ నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అధికారిణి అది చూసింది. తన దగ్గరున్న కాగితపు రుమాళ్ళ డబ్బా ఆమె వైపు జరిపింది. ఆ జాలి చూసి వసపిట్ట గెలిచామనుకుంది.

"ఇంక నేనేం అడగనమ్మా" అంది అధికారిణి. "మీ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పించాల్సి వచ్చింది. ఏమీ అనుకోవద్దు. విచారణ ఇంతటితో ముగిస్తున్నాను. మీ భత్యానికి ఇబ్బంది లేదు."

గేటు దాటి, రోడ్డు దాటి, బస్టాపు రేకుల కింద ఎవరూ లేరని చూసుకున్నాక వసపిట్ట నోరు తెరిచింది. ఇంక ఆపేవాళ్ళెవరు?

"నువ్వు లిఫ్టుల్లో కాదయ్యా, నాటకాల్లో ఉండాల్సినవాడివి! ఆవిడ ఏడ్చినంత పని చేసింది. జలుబు ముక్కు కాబట్టి తెలియలేదు గానీ. నేనైతే నవ్వాపుకోలేక చచ్చాను. ఇదిగో, తొడ కమిలిపోయుంటుంది. లాండ్రీ ఆవిడట! ఎక్కణ్ణుంచి తెచ్చావు ఆవిణ్ణి? ఇంటికెళ్ళి అత్తమ్మకి చెప్పాలి, పడీ పడీ నవ్వుతుంది. నువ్వూ రాకూడదూ, ఎన్నాళ్ళయింది ఆవిణ్ణి చూసి. నా చేత్తో..."

"నేను అబద్ధం చెప్పలేదు" అన్నాడు.

"ఏది?"

"ఏదీ."

ఒక బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్ళు దిగారు. డ్రైవరు వీళ్ళ వైపు చూశాడు. ఎవరూ కదలకపోయేసరికి తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

వసపిట్టకి ఎన్నో మాటలు తెలుసు. వాటిలో ఒక్కటీ అప్పుడు దొరకలేదు. దొరికింది చాలా చిన్న మాట.

"ఏ చెయ్యి?"

అతను ఎడమ చెయ్యి చాపాడు. నడిమి వేలి గోరు వంకరగా, నల్లగా, సగమే పెరిగి ఉంది. పక్క వేలి కణుపు కాస్త పక్కకి తిరిగింది. వసపిట్ట ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకోబోయి ఆగిపోయింది. తీసుకోవచ్చో లేదో తెలియలేదు.

"ఎప్పుడు?"

"అమ్మ వీపు మీద పుండు లేచిన వారం."

ఆ పుండు ఆమెకి బాగా గుర్తుంది. ఏ వైపున లేచిందో, ఎంత లోతుకి దిగిందో, ఏ మందు రాస్తే మండిందో, ఏ రోజున కొత్త చర్మం గులాబీ రంగులో కనపడిందో అన్నీ గుర్తున్నాయి. ఆ ఆదివారం కూడా గుర్తుంది. 'కాస్త ఇటు పట్టుకో, గట్టిగా, జారిపోతోంది' అని తను అరవడం గుర్తుంది. అతని చేతికి కట్టు ఉందో లేదో ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

"నోరు లేదా నీకు?" అంది చివరికి. "చెయ్యి నలిగిందే అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు లేదా?"

"చెబుదామనే వచ్చాను."

"నేను వాగుతూనే ఉన్నాను. అంతేనా? నా వాగుడులో నీకు సందు దొరకలేదు."

అతను రోడ్డు వైపు చూశాడు. ఆ చూపుకి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఆవిడకి దొరికింది తీరిక. ఎందుకు దొరకదు? నీ తల్లికి పక్కబట్టలు మార్చే పని ఆవిడకి లేదుగా! కట్టు కట్టడం నాకు రాదా? రోజూ చేసేది అదే పని. ఒక్క కట్టుకి నేను పనికిరాకపోయానా?"

"నిన్ను అనడానికి నాకు నోరు లేదు. అందుకే చెప్పలేకపోయాను."

"మరి ఆ మేడంకి చెప్పడానికి ఎక్కణ్ణుంచి వచ్చింది నోరు?"

"ఆవిడ అడిగింది" అన్నాడతను. "ఎందుకు వెళ్ళావని ఇన్నాళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు. అడిగేసరికి వచ్చేసింది. నాకు తెలియకుండానే వచ్చేసింది."

బస్టాపు వెనక గోడ మీద ఎవరో నీలం రంగు వేసి మధ్యలో వదిలేశారు. వసపిట్ట ఆ గోడకి ఆనుకుని నిలబడింది. పొద్దున తేదీలు వల్లెవేసుకుంటూ ఇదే దారిలో వచ్చింది. భర్త వేరుగా ఉంటున్నాడు, భర్త వేరుగా ఉంటున్నాడు అని. ఎన్నిసార్లు అందో. ఒక్కసారి కూడా నాలిక తడబడలేదు.

"భత్యం ఆగదు" అన్నాడతను, ఆమె వైపు చూడకుండా. "నేనూ పంపిస్తాను, ఎంత వీలైతే అంత. అమ్మ..."

"ఊఁ. అమ్మ?"

"నీ దగ్గరే ఉంటే..." అని ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా చేతికి కళ్ళు తుడుచుకున్నాడు. అబద్ధమాడలేదన్నాడు కదా, ఆ ఏడుపు కూడా అబద్ధం కాదని ఆమెకి తెలిసింది. తెలిసి ఇంకా కష్టమైంది.

"వెళ్ళు. నీ బస్సొచ్చింది" అంది.

అతను ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడో లేదో ఆమె చూడలేదు.

ఇంటికొచ్చేసరికి టైలరక్క అత్తగారి మంచం పక్కనే కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. ఆమె దారం తెంపకుండానే లేచి నిలబడింది. "ఏమన్నారే?"

"విచారణ అయిపోయింది. భత్యం ఆగదట."

హమ్మయ్య అంటారనుకుంది. ఎవరూ అనలేదు. అత్తగారు మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆవిడ ఏడిస్తే కదలని వైపు కంట్లోంచే ఎక్కువ నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళు చెవి మీదుగా దిండులోకి దిగుతున్నాయి. టైలరక్క సూది గుడ్డలో గుచ్చి తల దించుకుంది.

"నన్ను తిట్టినా తిట్టు, కొట్టినా కొట్టు" అంది. "ఆ ఫోన్ చేసింది నేనే."

"నువ్వా! ఉపాయం చెప్పిందానివి నువ్వే కదక్కా!"

"అందుకే నా చేతే చేయించింది." టైలరక్క మంచం వైపు చూపించింది. "నువ్వు మందులకెళ్ళినప్పుడల్లా ఇదే గోల. ఫోను చూపించేది, నా కొంగు పట్టుకుని లాగేది. 'చెప్పు, చెప్పు' అనేది. మొదట నాకర్థం కాలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పమంటోందని అర్థమయ్యాక వద్దన్నాను. భత్యం ఆగిపోతుంది పెద్దమ్మా, మీ మందులు మీకే అందవు అన్నాను. వింటేనా? కొడుకు ఆదివారాలు ఎగ్గొడుతున్నాడని నీకన్నా ముందు ఈవిడకి తెలిసింది. ఆ డబ్బు ఆగిపోతే వాడు ఆ గది ఖాళీ చేసి ఇంటికి రాక తప్పదని ఈవిడ ఆశ."

వసపిట్ట మంచం మీద కూర్చుంది. అత్తగారి మొహాన్ని నెమ్మదిగా తన వైపు తిప్పి, కొంగుతో చెవి తుడిచింది.

"వాడు?" అంది అత్తగారు.

"పని ఎక్కువగా ఉందట అత్తమ్మా. ఈ ఆదివారం వస్తానన్నాడు."

అత్తగారు ఆమె కళ్ళలోకి చూసింది. "అబద్ధం" అంది. ఎన్నో నెలలుగా ఆవిడ నోటి నుంచి ఏ మాటా అంత స్పష్టంగా రాలేదు.

జీతం తీసుకుని నిజానిజాలు తేల్చే మనిషి ముందు నెగ్గుకొచ్చిన వసపిట్ట, మంచంలో కదలలేని మనిషి ముందు ఓడిపోయింది. అప్పుడు చెప్పింది. లిఫ్టు తలుపు గురించి, వంకర గోరు గురించి, సిగ్గు గురించి, లాండ్రీ గురించి. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఈ రెండేళ్ళలో ఆ మంచం పక్కన కూర్చుని ఆమె ఎన్ని వేల మాటలో మాట్లాడింది గానీ, తన బాధ ఒక్కసారైనా చెప్పుకోలేదు. అత్తగారి ఎడమ చెయ్యి ఆమె తల మీద ఉంది. నిమరడం అలవాటు లేని చెయ్యి. ఊరికే బరువుగా ఉంది.

ఏడుపు తగ్గాక అత్తగారు తలుపు వైపు చూసింది.

"పద."

"ఎక్కడికి అత్తమ్మా?"

"వాడి... దగ్గరికి."

టైలరక్క వద్దని మొత్తుకుంది. వసపిట్టా వద్దంది. ఆవిడ వినలేదు. దుప్పటి తన్నేసింది, మంచినీళ్ళ గ్లాసు నెట్టేసింది, ఎడమ కాలు మంచం కిందికి దించేసి దిగిపోబోయింది. పడిపోతుందేమోనని పట్టుకున్నప్పుడు వసపిట్టకి తనలో కూడా ఒక కోరిక ఉందని తెలిసింది. ఆ ఇస్త్రీ మడతలు పెట్టిన చేతులు ఎలా ఉంటాయో చూడాలి. చూసి ఏం చేస్తుందో తెలియదు. చూడాలి అంతే.

అద్దె కారు డ్రైవరు మంచివాడు. చక్రాల కుర్చీని మడిచి వెనక పెట్టాడు, అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టడానికి సాయం పట్టాడు. అడ్రసు చెబుతుంటే వసపిట్టకి నోరంతా చేదుగా అయింది. ఆఫీసు వాళ్ళకి అప్పజెప్పడానికి కంఠస్థం చేసిన అడ్రసు. ఇంటి నంబరుతో సహా తడుముకోకుండా చెప్పింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. సందులో లాండ్రీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తెల్లటి దుప్పట్లు బారుగా ఆరేసి ఉన్నాయి. లోపల్నుంచి ఆవిరి వస్తోంది. కారు దిగి కుర్చీ తోసుకుంటూ వస్తుంటే లోపలున్న మనిషి చూసి గబగబా బయటికి వచ్చింది.

"ఉండండుండండి, అక్కడ మెట్టుంది, చక్రం పడిపోతుంది" అంటూ ఒక చెక్క తెచ్చి మెట్టు మీద ఏటవాలుగా వేసింది.

వసపిట్ట ఇంకెవరినో ఊహించుకుంది. తనకన్నా చిన్నదాన్ని, నాజూకైనదాన్ని. ఈవిడ తన ఈడుదే. జుట్టుకి గుడ్డ కట్టుకుంది. ముంజేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు పాతవీ కొత్తవీ ఉన్నాయి. మొహం అలిసిపోయి ఉంది, అయినా ఆ అలసట ఎదుటివాళ్ళ మీద చూపించే రకం కాదు. అత్తగారి భుజం మీద నుంచి శాలువా జారిపోతుంటే అడక్కుండానే సర్దింది.

"బట్టలివ్వాలా అమ్మా?"

"కాదు" అంది వసపిట్ట. "పై గదిలో... మెకానిక్..."

"ఆయన కోసమా! ఇంకా రాలేదండీ, వచ్చే వేళే. బంధువులా మీరు?" లాండ్రీ ఆవిడ మొహం నిజంగా విప్పారింది. "ఎంత సంతోషం! ఆయనకి నా అన్నవాళ్ళెవరూ లేరనుకున్నాను. పెళ్ళాం ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయిందట. తల్లి ఉండేది, ఆవిడ కూడా పక్షవాతం వచ్చి పోయిందట కదా. పాపం, ఆవిడ మాటొస్తే ఇప్పటికీ ఆ పూట అన్నం ముట్టడు."

వసపిట్ట కుర్చీ వెనక నిలబడి ఉంది. అత్తగారి మొహం ఆమెకి కనిపించడం లేదు. నెరిసిన జుట్టు మధ్య పాపిట, ముడతలు పడ్డ మెడ, శాలువా అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ తల కదల్లేదు.

"ఇంతకీ ఈ పెద్దావిడ ఆయనకి ఏమవుతారు?" అడిగింది లాండ్రీ ఆవిడ. అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ప్రేమగా ఆవిడ మొహంలోకి చూస్తూ అడిగింది.

చెప్పేయాలి. ఒక్క మాట చాలు. ఆ మాటతో అతని నాటకం, ఆ గది, ఇస్త్రీ మడతలు అన్నీ కూలిపోతాయి. వసపిట్ట నోరు తెరిచింది. అప్పుడే అత్తగారి ఎడమ చెయ్యి వెనక్కి వచ్చి, తడుముకుని, ఆమె మణికట్టు పట్టుకుంది. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని.

ఆ బిగువుకి వసపిట్ట నోటిలో మాట నోటిలోనే ఉండిపోయింది. ఇందాక ఇంట్లో అబద్ధం అని ఒక్క మాటతో కోడలిని పట్టేసిన మనిషి, ఇప్పుడు కొడుకు కోసం చచ్చిపోయినదానిలా ఉండడానికి ఒప్పుకుంటోంది. కోడలు ఒప్పుకోవాలా? తను కూడా 'వదిలేసి వెళ్ళిపోయిన పెళ్ళాం'గా ఈ మెట్టు దిగి వెనక్కి వెళ్ళాలా?

"అదిగో, మాటల్లోనే వచ్చేశాడు" అంది లాండ్రీ ఆవిడ లేచి నిలబడుతూ.

సందు మలుపులో, దుప్పట్ల అవతల, పనిముట్ల సంచి భుజాన వేసుకుని అతను వస్తున్నాడు. నేల చూపులు చూస్తూ నడుస్తున్నాడు. ఇంకా తలెత్తలేదు.